అమ్మమ్మయు అంటురోగ శాసనమును

2020వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున ఒక వింత నియమము అమలు జరుగుచుండెను. జీతము పుచ్చుకొని పిల్లలను చూచు దాది ప్రతిదినమును ఒక ఇంటికి పోయి అచ్చటి పసివానిని ఎత్తుకొనవచ్చును, అన్నము తినిపింపవచ్చును, నిద్రపుచ్చవచ్చును. ఆ పసివాని అమ్మమ్మ పక్కవీథిలోనే కాపురమున్నదైనను ఆ ఇంటి గడప దాటరాదు. దాటినచో జరిమానా. దాది చేయునది ఉద్యోగము; అమ్మమ్మ చేయునది చుట్టపుచూపు. శాసనకర్తల లెక్క అట్లుండెను.

కరోనా మహమ్మారి కథ ముగిసినదని తలచి మన పాఠకులలో పలువురు ఆ కాలపు ముచ్చటలను మరువగోరుచున్నారు. అది సహజమే. పోయినవారిని తలచుకొనుటయే కష్టముగా నున్నప్పుడు నియమములను, ఉత్తరువులను తలచుకొనువారెవరు? కాని అట్టి వ్యాధి మరల రాదని ఎవ్వరును హామీ ఇయ్యజాలరు. వచ్చిననాడు రాత్రికి రాత్రి వ్రాయబడు ఉత్తరువులలో ఇదే లోపము మరల దొరలునని మా భయము. కావున ఇంగ్లండులో జరిగినదానిని కొంత వివరముగా చెప్పి, పిదప మన సంగతి విచారింపదలచితిమి.

ఆ దేశమున పాఠశాలలు 2020 మార్చి 20వ తేదీ శుక్రవారముతో మూతపడెను. 23వ తేదీ రాత్రి ప్రధానమంత్రి బోరిస్ జాన్సన్ టెలివిజనులో కనబడి జనులు ఇల్లు కదలరాదని ప్రకటించెను. వైద్యులు, నర్సులు, ఆహారపదార్థములమ్ము అంగళ్లలో పనిచేయువారు మున్నగు వారి పిల్లలకు మాత్రము బడులు తెరచియుంచిరి. తక్కినవారు తమ పిల్లలను తామే చూచుకొనవలెను. తాతలకు, అమ్మమ్మలకు అప్పగింపరాదు. ఈ సలహాలో మేము తప్పు పట్టము. అప్పటికి టీకా లేదు. వ్యాధి వృద్ధుల పాలిటి మృత్యువని మొదటి వారములలోనే తేలిపోయెను. పిల్లలు తాము అంతగా జబ్బుపడకయే రోగమును ఇంటింటికి మోయుదురేమో యను శంకయు ఉండెను. ఆ స్థితిలో ఎవరైనను అట్టి సలహాయే ఇచ్చియుందురు.

ఆ దినములలోనే జరిగిన ఒక ఉదంతము తరువాత ఆ దేశమును కుదిపివైచెను. ప్రధానమంత్రికి ముఖ్యసలహాదారుడైన డామినిక్ కమింగ్స్ మార్చి 27వ తేదీన భార్యను, నాలుగేండ్ల కుమారుని కారులో నెక్కించుకొని లండనునుండి సుమారు 260 మైళ్ల దూరమున డర్హాము ప్రాంతముననున్న తండ్రిగారి పొలమునకు పోయెను. భార్య అప్పటికే జబ్బుపడినది, తానును పడునేమో, ఇద్దరును మంచము పట్టినచో బిడ్డకు దిక్కెవరు? అచ్చటనైతే అవసరమునకు మేనకోడండ్రు కనిపెట్టి చూచుకొందుమనిరట. ఈ సంగతి మే 22వ తేదీన పత్రికలకెక్కెను. మూడు దినముల తరువాత ఆయన ప్రధానమంత్రి నివాసమందలి గులాబితోటలో బల్ల ముందు కూర్చుండి విలేఖరులకు తన కథ చెప్పుకొనెను. డర్హాము పోలీసులు విచారించి, తండ్రిగారి స్థలమున నుండుట నేరముగా తమకు తోపలేదనియు, ఏప్రిల్ 12న బార్నార్డ్ కాజిలు అను ఊరికి కారులో పోయివచ్చుట మాత్రము స్వల్పమైన ఉల్లంఘనము కావచ్చుననియు చెప్పి ఊరకుండిరి.

జనులకు కోపము వచ్చెను. ఆ కోపము న్యాయమైనదే. కాని దాని మూలమును పలువురు సరిగా గుర్తింపలేదని మా అభిప్రాయము. బిడ్డను ఎవరికప్పగింతునని తండ్రి కలవరపడుట తప్పు కాదు. కలవరపడనివాడే తప్పు చేసినవాడు. తప్పు ఏమనగా, చట్టమొకటియు ప్రకటన యొకటియు అగుట. మార్చి 26న అమలులోనికి వచ్చిన చట్టమున సహేతుకమైన కారణము లేక ఇల్లు విడువరాదని వ్రాసిరి; ఆ కారణములకు కొన్ని ఉదాహరణములు చూపిరేగాని అవియే తుది యని చెప్పలేదు. చట్టము చదివినవాడు ఆ మాటను తన అవసరమునకు తగినట్లు అన్వయించుకొనగలిగెను. టెలివిజనులో ప్రధానమంత్రి మాట విన్నవాడు దానిని అక్షరాల పాటించెను. జ్వరముతోనే లేచి బిడ్డకు పాలు కాచి ఇచ్చిన తల్లులు ఆ దేశమున ఎందరో కలరు. తమ అవసరము కూడ సహేతుకమైన కారణమేనని వారికి చెప్పినవారు లేరు. పిల్లలను చుట్టములకు అప్పగించు విషయమున చట్టము స్పష్టముగా మాటాడియున్నచో ఈ భేదము పుట్టియుండదు. మౌనముగానున్న శాసనము ఎల్లప్పుడును చదువరికిని పలుకుబడి గలవానికిని చుట్టము.

తరువాత నిబంధనలు మెల్లగా సడలెను. జూన్ 13వ తేదీనుండి ఒంటరిగా నివసించువారును, పిల్లలతో ఒంటరిగానున్న తల్లియో తండ్రియో, మరియొక ఇంటివారితో కలసిపోవచ్చునని అనుమతించిరి. ఈ కలయికకు వారు బబుల్, అనగా బుడగ, యని పేరు పెట్టిరి. రెండిండ్లు ఒక బుడగలో నుండును. బుడగ వెలుపలివారు లోనికి రారాదు. పేరు పిల్లలాటవలె నున్నను భావము మంచిదే. కాని భార్యాభర్తలిద్దరును ఉన్న ఇంటికి ఈ సదుపాయము లేకపోయెను. ఇద్దరున్నారు గదా, ఒకరికొకరు తోడు కారా యని శాసనకర్తల ఊహ కాబోలు. ఇద్దరును పనికి పోవలసిన ఇండ్ల సంగతి వారికి తట్టలేదు.

వేసవిలో స్థానిక నిర్బంధములు మొదలయ్యెను. లెస్టరు నగరమున జూన్ చివరను, మాంచెస్టరు పరిసరములలోను పశ్చిమ యార్కుషైరులోని కొన్ని భాగములలోను జూలై చివరను, బర్మింగుహామున సెప్టెంబరు మధ్యను, న్యూకాజిలు మొదలగు ఈశాన్యప్రాంతములలో సెప్టెంబరు 18నను ఒక ఇంటివారు మరియొక ఇంటిలోనికి పోరాదను నిషేధము వచ్చెను. ఇచ్చటనే మేము మొదట చెప్పిన వింత బయటపడెను. శిశుశాలలు తెరచియున్నవి. పేరు నమోదు చేసికొన్న శిశుపాలకురాండ్రు తమ ఇండ్లలో పలువురి పిల్లలను చూచుచున్నారు. దాదులు వచ్చిపోవుచున్నారు. సెప్టెంబరు మొదట బడులన్నియు తెరచిరి. బడి ముగియు మధ్యాహ్నపువేళకు పిల్లవానిని తెచ్చి, తల్లి పనినుండి వచ్చువరకు కూర్చుండబెట్టుకొను తాతకు మాత్రము అనుమతి లేదు. దాదిని పెట్టుకొనగల ధనికునికి బాధ లేదు. ఆసుపత్రిలో గదులూడ్చు స్త్రీకి, బస్సు నడపువానికి, అంగడిలో నిలబడి సరకులమ్ముదానికి అమ్మయే ఆధారము. పనికి పొండని ఒక నోటితో చెప్పి, బిడ్డను చూచు చేతిని మరియొక ఉత్తరువుతో కట్టివేసిరి.

ఆందోళన పెరిగెను. సెప్టెంబరు 21వ తేదీన ఆరోగ్యమంత్రి మాట్ హాన్కాక్ పార్లమెంటు సభలో లేచి, జీతము లేని ఇట్టి ఏర్పాట్లే పలువురి బ్రతుకుదెరువునకు ఆధారమని ఒప్పుకొని, పదునాలుగేండ్ల లోపు పిల్లలను చూచుటకు మినహాయింపు నిచ్చెను. వేడుకలకును, పిల్లల ఆటపాటలకును అది వర్తింపదు; ఎల్లప్పుడును ఆ రెండిండ్లవారే కావలెను; తల్లిదండ్రులు పనికి పోవుటకు ఆ తోడు అవసరమై యుండవలెను. పిల్లల సంరక్షణపు బుడగ యని పేరొందిన ఏర్పాటు ఇదియే. మరునాడు స్కాట్లండులో నికోలా స్టర్జన్ ఇంటింటి రాకపోకలను నిషేధించునప్పుడు తాతలు, అమ్మమ్మలు పిల్లలను చూచుటను ఆ ప్రకటనలోనే మినహాయించెను. ఒక దేశము నిషేధించిన తరువాత తెలిసికొన్నదానిని పొరుగుదేశము నిషేధించునప్పుడే వ్రాసికొనెను. తరువాత నవంబరులోను, 2021 జనవరిలోను మరల ఇంగ్లండు అంతటను నిర్బంధము విధించినను ఈ సదుపాయమును తీసివేయలేదు.

దీనికి ప్రతివాదము లేకపోలేదు. రోగమునకు చుట్టరికము తెలియదు, దాది ముప్పది యేండ్లది, అమ్మమ్మ అరువదియైదేండ్లది, మరణభయమెవరికి హెచ్చు? ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. టీకాలు రాకమునుపు, అనగా ఆ దేశమున 2020 డిసెంబరు 8వ తేదీకి మునుపు, మనుమని ముద్దాడిన ముదుసలి తన ప్రాణమును పణముగా నొడ్డినట్లే. కాని శాసనము ఆ లెక్క చూచెనా? నలుబది యేండ్ల పినతల్లిని కూడ అది గడప దాటనీయలేదు; అరువది దాటిన దాది నాపలేదు. అది వయస్సును కొలువలేదు, ఎందరితో కలసిమెలసి తిరుగుచున్నారో కొలువలేదు. జీతమున్నదా, సర్కారు జాబితాలో పేరున్నదా యని మాత్రమే చూచెను. ఒక ఇంటినుండి ఒక ఇంటికి మాత్రమే పోవు అమ్మమ్మ, ఇరువదిమంది పిల్లలు చేరు శిశుశాలకంటె ప్రమాదకరమని ఏ వైద్యుడు చెప్పును?

అచ్చటి మన తెలుగువారి సంగతియు చెప్పవలసియున్నది. లండను, మాంచెస్టరు మొదలగు నగరములలో వైద్యులుగను, కంప్యూటరు పనులలోను మనవారు వేలకొలది కలరు. కాన్పు సమయమునకు గుంటూరునుండియో కరీంనగరమునుండియో తల్లి ఆరు నెలల అనుమతిపత్రముతో పోయి, పురుడు పోసి, బిడ్డకు నూనె రాచి నీళ్లు పోసి, గడువు తీరునాటికి తిరిగివచ్చుటయు, ఆమె రాగానే అత్తగారు బయలుదేరుటయు ఆ కుటుంబములలో వాడుక. 2020 మార్చి 22వ తేదీనుండి మన ప్రభుత్వము విదేశములనుండి విమానముల రాకను ఆపివేసెను. అచ్చటనున్న తల్లులు అచ్చటనే చిక్కుపడిరి. ఆ ప్రభుత్వము వారి గడువును జూలై చివరివరకు పొడిగించెను. వారు అదే కప్పు క్రింద నున్నందున శాసనము దృష్టిలో ఇంటివారే అయిరి. పోవలసినవారు మాత్రము పోలేకపోయిరి. తల్లి లేక, అత్త లేక, మంత్రసాని మాట ఫోనులో విని మొదటి బిడ్డను పెంచిన మన ఆడపడుచులు ఆ సంవత్సరమున ఎందరో! ఏడాది నిండని బిడ్డగల ఇంటివారు, భార్యాభర్తలిద్దరు ఉన్నను, మరియొక ఇంటితో కలియవచ్చునని ఇంగ్లండు 2020 డిసెంబరు 2వ తేదీన గాని ఒప్పుకొనలేదు. బాలెంతరాలికి ఒక మనిషి తోడు కావలెనని మన పల్లెలో చాకలి మంగలి యాదిగా ఎవ్వరినడిగినను చెప్పియుందురు. అది తెలియుటకు ఒక రాజ్యమునకు తొమ్మిది నెలలు పట్టెను.

ఇక మన దేశము. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌను విధించిరి. 2005వ సంవత్సరపు విపత్తు నిర్వహణ చట్టము, 1897లో బొంబాయి ప్లేగునాడు పరప్రభుత్వము చేసిన అంటువ్యాధుల చట్టము, అప్పటి శిక్షాస్మృతిలోని 188వ విభాగము, ఈ మూటిని ఆయుధములుగా గైకొనిరి. ఉత్తరువులలో మినహాయింపుల పట్టిక యుండెను. ఆసుపత్రులు, బ్యాంకులు, చౌకధరల దుకాణములు, పెట్రోలు బంకులు అందులో కలవు. పత్రికలు కూడ కలవు. పత్రికను అచ్చువేయువాడు తిరుగవచ్చును. ఆ అచ్చువేయువాని బిడ్డను చూచుటకు రావలసిన అతని తల్లి మాట అందు లేదు. నర్సుకు పాసు ఇచ్చిరి, నర్సు బిడ్డను చూచునామెకు ఇయ్యలేదు. అంగన్‌వాడీ కేంద్రములు మూతపడెను. 50 మందియో అంతకు మించియో ఉద్యోగులున్నచోట శిశుశాల యుండవలెనని 2017లో చట్టము సవరించుకొన్నాము. అట్టివి ఉన్న కొద్దిచోట్లను తలుపులు వేసిరి. ఆశా కార్యకర్తలును, అంగన్‌వాడీ టీచర్లును ఇంటింటికి తిరిగి జ్వరపీడితులను లెక్క వ్రాసినప్పుడు వారి పిల్లలను చూచినదెవరు? అత్తయో, తల్లియో, పెద్దకూతురో.

మన పల్లెలలో ఈ లోపము అంతగా కానరాకపోవుటకు కారణము శాసనపు దయ కాదు. పోలీసువాడు ప్రతి సందులోనికి రాలేకపోవుటయే. తండ్రి యిల్లు, కొడుకు యిల్లు మధ్య ఒక గోడ, ఒక దిడ్డివాకిలి. అవి రెండిండ్లా, ఒక ఇల్లా? జనాభా లెక్కలవారు ఒకే వంటనుండి తినువారిని ఒక కుటుంబముగా నెన్నుదురు. పెద్దకొడుకు పొయ్యిలో వండినది తిని చిన్నకొడుకు బిడ్డను ఆడించు ముసలమ్మ ఏ కుటుంబములోనిది? ఆస్తి పంచుకొన్న అన్నదమ్ములు తల్లిని వంతులకు పెట్టుకొను ఆచారము, చెప్పుటకు సిగ్గైనను, మనలో కలదు. వంతు మారుటకు ముందు లాక్‌డౌను వచ్చినచో ఆమె ఎక్కడనున్నదో అక్కడనే. ఆ ఇంటి పిల్లలకు నాయనమ్మ యున్నది, ఈ ఇంటి పిల్లలకు లేదు.

పట్నములలోను సరిహద్దులలోను బాధ తేటతెల్లమయ్యెను. మార్చి చివరిదినములలో హైదరాబాదునుండి పోలీసువారి అనుమతిపత్రములు చేతబట్టుకొని ఆంధ్రప్రదేశమునకు బయలుదేరిన విద్యార్థులను, ఉద్యోగులను గరికపాడు వంటి సరిహద్దు చెక్‌పోస్టులయొద్ద ఆపివేసిరి. ఒక రాష్ట్రము వ్రాసి ఇచ్చిన కాగితము మరియొక రాష్ట్రమున చెల్లలేదు. హైదరాబాదున పనిచేయుచు పసిబిడ్డను కృష్ణా, గుంటూరు మండలములలోని తల్లి యొద్ద ఉంచిన దంపతులెందరో మన పాఠకులకు తెలియును. ఆ తల్లి జబ్బుపడినచో బిడ్డను తెచ్చుకొనుటకు త్రోవ యేది? మే 1వ తేదీన కేంద్ర హోంశాఖ వెలువరించిన ఉత్తరువున అరువదియైదేండ్లు దాటినవారును, పదియేండ్లు నిండని పిల్లలును, గర్భిణులును అత్యవసరమునకు తప్ప ఇల్లు కదలరాదనిరి. అమ్మమ్మను, మనుమని, నిండుచూలాలిని ఒకే వాక్యమున చేర్చిరి. ఆ ముగ్గురును ఒకరికొకరు కావలసినవారని మాత్రము ఆ వాక్యము వ్రాసినవారికి స్ఫురించినట్లు లేదు.

ఇచ్చట మన ఇండ్లను గురించియు ఒకమాట చెప్పకున్న న్యాయము కాదు. ప్రభుత్వము అమ్మమ్మను లెక్కలో వేయలేదని మనము నిందించుచున్నాము. మనమైనను వేసితిమా? బిడ్డను తెచ్చి ఒడిలో పెట్టుటయే గాని, "నీ ఆరోగ్యమెట్లున్నది? ఈ వయస్సున ఈ రోగకాలమున నీకు సమ్మతమేనా?" యని అడిగిన కొడుకులెందరు, కూతుండ్రెందరు? మధుమేహమున్నది, రక్తపోటున్నది, మోకాళ్లు నొచ్చుచున్నవి. అయినను మనుమని చూచుట ఆమె భాగ్యమని మనమే తీర్పు చెప్పుదుము. భాగ్యమే కావచ్చును. ఆ మాట ఆమె నోట రావలెను. చుట్టములు చేయు సంరక్షణకు శాసనమున చోటు కావలెనని మేము కోరుచున్నాము. ఆ చోటు ముసలివారి మెడకు ఉరిగా మారరాదు. అనుమతి ఇచ్చునప్పుడు వచ్చువారి సమ్మతిని కూడ వ్రాసికొనుట, వారికి టీకాలలో ముందు వంతు ఇచ్చుట, ఆ బంధువునకు వీలుపడనిచో ఆ తల్లికి పనినుండి సెలవు ఇచ్చుట, ఇవి యన్నియు ఆ ఏర్పాటులోని భాగములే. మన దేశమున 2021 జనవరిలో టీకాలు మొదలైనప్పుడు ముందుగా ఆరోగ్యసిబ్బందికి ఇచ్చిరి, అది సబబే. వారి పిల్లలను ఒడిలో పెట్టుకొన్న ముసలివారి వంతు మార్చి 1వ తేదీ తరువాత, అరువదేండ్లవారందరితో పాటు వచ్చెను.

కావలసిన నియమము చిన్నది. ఒక ఇంటి పిల్లలను చూచుటకై మరియొక ఇంటినుండి ఒకరిద్దరు, ఎల్లప్పుడును వారే, వచ్చిపోవచ్చును; జీతమున్నను లేకున్నను ఒకటే; ఆ ప్రయాణమున జిల్లాసరిహద్దు గాని రాష్ట్రసరిహద్దు గాని అడ్డు కారాదు; తల్లిదండ్రులు సంతకము చేసిన కాగితము చాలును. ఇది ఎస్సై గారి దయను బట్టి కాక పాసుల పట్టికలోనే, తెలుగులో, చదువురానివానికి చదివి చెప్పినను తెలియునట్లు ఉండవలెను. దీనికి క్రొత్త శాసనము అక్కరలేదు. 2005వ సంవత్సరపు చట్టము ప్రకారము ప్రతి జిల్లాకును ఒక విపత్తు ప్రణాళిక యుండవలెను. దానిని ఏటేట సమీక్షింపవలెను. ఆ జిల్లాసంస్థకు కలెక్టరు అధ్యక్షుడు. స్థానికసంస్థల ఎన్నికైన ప్రతినిధి సహాధ్యక్షుడు. తుఫాను వచ్చినచో పశువులను ఏ మెరకకు తోలవలెనో వ్రాసికొనుటకు అలవాటుపడినవారము, రోగము వచ్చినచో పసిపిల్లలను ఎవరు చూడవలెనో ఒక పుటలో వ్రాసికొనలేమా? జిల్లాపరిషత్తు సభ్యులును, పురపాలకసంఘములవారును రాబోవు సమీక్షలో ఈ ప్రశ్న నడిగి, జవాబును ప్రణాళికలో వ్రాయించి, దాని ప్రతిని గ్రామసచివాలయపు గోడమీదను పంచాయతీ కార్యాలయపు తలుపుమీదను అంటింపవలసినదిగా కోరుచున్నాము.